మేడమీది గంతులు

అద్దాల మేస్త్రీ చేతిలో ఇంతవరకు ఒక్క అద్దం కూడా పగల్లేదు. ఈ మాట అతను చెప్పుకోడు, దుకాణం యజమానే వచ్చిపోయే వాళ్లందరికీ చెబుతుంటాడు. నిలువుటద్దాలు, బీరువా అద్దాలు, క్షవరం దుకాణాల్లో గోడ పొడవునా బిగించే అద్దాలు, అన్నీ అతని చేతిమీదుగానే చెక్కపెట్టెల్లోకి దిగి లారీలెక్కుతాయి. ముందు పల్చటి కాగితం, దాని మీద బుడగల కవరు, మూలలకు అట్ట టోపీలు, సందుల్లో ఎండుగడ్డి, ఆఖరున మూత. మేకులు కొట్టడం అయ్యాక పెట్టెను మెల్లగా ఊపి, చెవి ఆనించి వింటాడు. లోపల ఏ కాస్త చప్పుడైనా మూత ఊడదీసి మళ్లీ మొదటికి వస్తాడు. మేస్త్రీ కట్టిన పెట్టె మేడ మీంచి పడ్డా అందులోని అద్దంలో మొహం చూసుకోవచ్చని లారీవాళ్లు అంటారు. లారీవాళ్ల మాటలో సగం తీసేసి వినాలనుకోండి, మిగిలిన సగమూ తక్కువేం కాదు.

ఆ దుకాణంలో రెండు కట్టుబాట్లున్నాయి. పనిలో కొత్తగా చేరినవాడికి మేస్త్రీ మొదట చెప్పేవి ఇవే. ఒకటి, అద్దాన్ని పడుకోబెట్టి పంపకూడదు, నిలబెట్టే పంపాలి. పడుకున్న అద్దం దారి కుదుపులకి తన బరువుతో తనే విరుగుతుంది. రెండోది, అద్దం మోస్తున్న మనిషిని పిలవకూడదు. యజమాని వచ్చినా సరే, ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చినా సరే, కొంపలంటుకున్నా సరే, అద్దం దించేదాకా నోరు మూసుకుని నిలబడాలి. పిలిస్తే తల తిరుగుతుంది, తలతోపాటు భుజం తిరుగుతుంది, భుజంతోపాటు అద్దం వెళ్లి గోడకి తగులుతుంది. "అద్దం పగలగొట్టేది మోసేవాడు కాదురా, పిలిచేవాడు" అంటాడు మేస్త్రీ.

ఇంత పనితనాన్నీ సాయంత్రం దుకాణంలోనే వదిలేసి ఇంటికొచ్చే మనిషైతే మనకి చెప్పుకోవడానికి కథే లేదు.

అతనికి ఒక్కతే కూతురు. నాలుగో తరగతి. పుట్టినప్పట్నుంచీ కుదురన్నది ఎరగదు. పాకడం రాకముందే మంచం మీంచి దిగబోయింది. పిల్ల కాదు పిడుగు అని వాళ్ల అమ్మమ్మ ఏనాడో అన్న మాట అతుక్కుపోయి, ఇంటా బయటా పిడుగే అయింది. కిందటేడు పార్కులో ఊయల ఊగుతూ ఊగుతూ, ఊయల బాగా పైకి లేచినప్పుడు అక్కణ్నుంచే దూకితే ఎలా ఉంటుందో చూద్దామనుకుంది. చూసింది. ఎడమ చెయ్యి మణికట్టుకి కాస్త పైన విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును లైటు ముందు పెట్టి చూపించినప్పుడు, మేస్త్రీ కంటికి ఎముక ఆనలేదు. గీత ఒక్కటే కనిపించింది. వెంట్రుకవాసి నల్లటి గీత. అలాంటి గీత సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అద్దంలో గీత పడితే అది పడినచోట ఉండదు. ఇవాళ వేలెడు, రేపు జానెడు, ఆ తర్వాత ముక్కలు. పగిలిన అద్దం అతుక్కోవడం అతను బుద్ధెరిగాక చూడలేదు. "పిల్లల ఎముకలు తొందరగా అతుక్కుంటాయి, మీరేం కంగారు పడకండి" అని డాక్టరమ్మ చెప్పింది. కట్టు కట్టింది, కొన్నాళ్లకి కట్టు విప్పింది, అతుక్కుంది వెళ్లి ఆడుకోమంది. మేస్త్రీ బుర్ర ఊపాడు. ఊపడమైతే ఊపాడు గాని ఆ గీత అతని కళ్లలోంచి పోలేదు. పైకి అతికినట్టున్నా లోపల ఉండే ఉంటుంది, ఇంకో దెబ్బ తగిలితే పాకుతుంది అనుకున్నాడు. ఆ మాట పైకి అని ఉంటే ఎవరో ఒకరు నవ్వి సర్దిచెప్పేవాళ్లే. అనలేదు, లోపలే పెట్టి మూత బిగించాడు.

ఇక మొదలైంది. ముందు బల్ల మూలలకి అట్ట టోపీలొచ్చాయి. తర్వాత మంచం కోళ్లకి బుడగల కవరు. ఆ తర్వాత మేడ మెట్లకి మెత్తలు, కిటికీ చట్రాలకి మెత్తలు, ఆఖరికి వంటగది గట్టుకి కూడా మెత్తలు. పక్కింటావిడ గ్లాసెడు పంచదార కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారా, మాట మాత్రం చెప్పలేదే" అంది. పిడుగు ఆ బుడగల్ని వేలితో టప్పు టప్పుమని పేల్చేది. పేల్చినచోటల్లా మేస్త్రీ ఓపిగ్గా కొత్త కవరు చుట్టేవాడు.

తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎముకలకి ఏది మంచిదని ఎవరు చెప్పినా ఆ పూటే అది ఇంటికొచ్చేది. పొద్దున పాలు, గుడ్డు. మధ్యాహ్నం ఆకుకూర, పెరుగు. బడి నుంచి రాగానే వేయించిన నువ్వులు, బాదం పప్పులు. రాత్రి ముల్లుతో సహా నమిలేసే చిన్న చేపలు, ఆ పైన మళ్లీ పాలు. "నాన్నా, నేను దూడని కాదు" అంది పిడుగు ఒకరోజు, పెదవి మీద పాలమీసంతో. మేస్త్రీ ముద్దుగా ఆ మీసం తుడిచి, "తాగేసి కాసేపు సోఫాలో కూర్చో తల్లీ" అన్నాడు. ఆ కాసేపన్నది పొద్దుగూకేదాకా. బడిలో ఆటల మాస్టారిని కూడా కలిసి వచ్చాడు. అప్పట్నుంచి ఆటల పీరియడ్‌లో పిడుగు గట్టు మీద కూర్చుని, ఆడుకునేవాళ్లు విడిచిన చెప్పులకి కాపలా కాసేది.

ఆ ఇంట్లో ఈ పద్ధతి గిట్టని మనిషి ఒకరున్నారు. మేస్త్రీకి అత్తగారు, పిడుగుకి అమ్మమ్మ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైకిలు తొక్కి ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. ఇప్పటికీ ఆవిణ్ని కూర్చోమంటే శిక్ష వేసినట్టు చూస్తుంది.

"అల్లుడుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది ఒకనాడు అన్నాల దగ్గర. ఆవిడ అలా మొదలుపెడితే గట్టిగా అనుకోవలసిన మాటే వస్తుందని అందరికీ తెలుసు. "మీరు అద్దాన్నైనా నిలబెట్టి పంపిస్తారు. పిల్లనేమో సోఫాలో పడుకోబెట్టారు. ఇదెక్కడి న్యాయం?"

"అద్దానికి కాళ్లు లేవు అత్తయ్యా. నిలబెట్టినచోట నిలబడుతుంది."

"దీనికి ఉన్నాయిగా. మరి ఎందుకిచ్చినట్టు?"

మేస్త్రీ భార్యకి నవ్వొచ్చి పొలమారింది. ఆమె బస్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. రోజంతా జనంతో గొంతు చించుకుని వస్తుంది కాబట్టి ఇంట్లో వాదనల జోలికి పోదు. "మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు. మీరు తినండి" అని పెరుగు గిన్నె అతని ముందుకి జరిపింది.

గెలవకపోయినా మేస్త్రీ పట్టు వదల్లేదు. ఇంట్లో అతని మాటే చెల్లింది. చెల్లిందనే అతను అనుకుంటూ వచ్చాడు.

ఒకరోజు మధ్యాహ్నం రావలసిన లారీ దారిలో చెడిపోయింది. కట్టిన పెట్టెలు గోడకి ఆనించి, మేస్త్రీ పెందలాడే ఇంటికి బయల్దేరాడు. బడి వదిలి కాస్సేపయింది, పిల్ల సోఫాలో ఉంటుంది, వెళ్తూ వెళ్తూ ఏదైనా పండు తీసుకెళదామని దారిలో నారింజలు కొన్నాడు. ఇంటికొస్తే సోఫా ఖాళీగా ఉంది. పాలగ్లాసు కడిగి బోర్లించి ఉంది. నువ్వుల గిన్నె అడుగంటా ఖాళీ. పైనుంచి చప్పుడు వస్తోంది. రోట్లో ఏదో దంచుతున్నట్టు, ఒకటే వరస.

మేడ మెట్లెక్కాడు. అతను వేసిన మెత్తలు అతని అడుగుల చప్పుడే మింగేశాయి. పైన తలుపు ఓరగా తీసి ఉంది.

నీళ్ల ట్యాంకు కింది ఇనప కాలుకి పొడుగాటి తాడు ఒక కొస కట్టి ఉంది. రెండో కొస అత్తగారి చేతిలో ఉంది. చేతులు మోచేతుల పైకి మడుచుకుని, ఆవిడ తాడును గుండ్రంగా తిప్పుతోంది. మధ్యలో పిడుగు గెంతుతోంది. వట్టి కాళ్లు, మొహం మీద ఎండ, జుట్టంతా రేగిపోయి ఉంది. తాడు నేలని కొట్టి లేచినప్పుడల్లా ఆ పిల్ల నేల మీద ఉండదు.

మేస్త్రీకి కనిపించింది గంతు కాదు, గచ్చు. బండరాయిలాంటి గచ్చు. దాని మీద పడితే ఇంకేమైనా ఉందా? ఆగు అని అరవడానికి నోరు తెరిచాడు.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పిల్ల గాల్లో ఉంది. ఇప్పుడు పిలిస్తే తల తిరుగుతుంది. తల తిరిగితే కాలు తాడులో పడుతుంది. ఇన్నేళ్లు ఎంతమందికి చెప్పాడో ఈ మాట. నోరు మూసుకుని తలుపు చాటున నిలబడ్డాడు, దిగాక పిలుద్దామని.

అది దిగితేగా. రెండు కాళ్ల మీద అయింది, ఒంటికాలి మీద అయింది, అటు తిరిగి ఒక వరస, ఇటు తిరిగి ఒక వరస. దిగుతుంది దిగుతుందని చూస్తూ చూస్తూ మేస్త్రీ మొత్తం చూశాడు. మోకాళ్లు కాస్త వంచి, మునివేళ్ల మీద వాలి, ఆ వాలిన ఊపుతోనే మళ్లీ లేవడం చూశాడు. పనిలో చెయ్యి తిరిగినవాళ్లని చూస్తే అతనికి వెంటనే తెలుస్తుంది. ఇది నిన్నా మొన్నా మొదలుపెట్టిన ఆట కాదు, నెలల తరబడి సాగుతున్న వ్యవహారం. మధ్యలో ఒకసారి పిడుగు పకపకా నవ్వింది. చెయ్యి విరిగాక ఆ నవ్వు ఇంట్లో వినపడలేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది.

చివరికి ఆగింది. వగరుస్తూ నడుం మీద చేతులు పెట్టుకుని, "అమ్మమ్మా, నాన్న వచ్చే టైమైందా?" అంది. మొహం మీది నవ్వు ఆ ఒక్క మాటతో మాయమైంది.

"ఇంకా చాలా టైముందిలే. అయినా తాడు తీసేద్దాం, ఎందుకొచ్చిన గొడవ" అంది అత్తగారు. ఇద్దరూ కలిసి తాడు చుట్ట చుట్టి ట్యాంకు వెనకాల పాత బక్కెట్లో పెట్టి, పైన గోనెపట్టా కప్పారు. ఆ సర్దుడు చూస్తే అదీ అలవాటైన పనేనని తెలుస్తోంది.

పిలవాల్సిన సమయం అదే. పిలవలేదు. ఎందుకో కాళ్లు వెనక్కే పడ్డాయి. చప్పుడు కాకుండా మెట్లు దిగి, ఇంట్లోంచి బయటికొచ్చేసి, నారింజల సంచీతో వీధులన్నీ చుట్టబెట్టి, రోజూ వచ్చే వేళకి ఇంటికొచ్చాడు. జన్మలో ఎన్నడూ లేనిది, గుమ్మం ముందు నిలబడి దగ్గాడు.

పిడుగు సోఫాలో బాసింపట్టు వేసుకుని బుద్ధిగా పుస్తకం చదువుకుంటోంది. దువ్విన తల దువ్వినట్టుంది. అత్తగారు కూర తరుగుతూ, "ఇవాళ ఎండ మండిపోతోంది, ఇల్లు కదల్లేదు" అంది. తడుముకోకుండా అంత తేలిగ్గా అబద్ధమాడే మనిషి ఉత్తరాలు ఎన్ని తారుమారు చేసి పంచిందోనని మేస్త్రీకి అనుమానం వచ్చింది.

ఏం చెయ్యాలో ఆలోచించాడు. తనే అడిగితే అత్తగారితో యుద్ధం, పిల్లతో ఏడుపు. రేపు ఎలాగూ డాక్టరమ్మ ఏడాది తర్వాత పిల్లని ఒకసారి తీసుకురమ్మన్న రోజు. భార్యకి డ్యూటీ ఉంది, తీసుకెళ్లేది తనే. ఉన్నదంతా డాక్టరమ్మకి చెబితే ఆవిడే రెండు చివాట్లు పెట్టి గంతులు మాన్పిస్తుంది. తన చేతికి మట్టంటదు. ఈ ఉపాయం తట్టాక గాని అతనికి అన్నం సహించలేదు.

డాక్టరమ్మ గదిలో బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుకి ఒక ప్లాస్టిక్ మోకాలిచిప్ప ఉంది. పిడుగు కళ్లు దాని మీదే ఉన్నాయి. డాక్టరమ్మ రెండు వేళ్లు ముందుకి చాపి, "ఎడమ చేత్తో గట్టిగా నొక్కు" అంది. పిడుగు నొక్కింది. "చాల్లే తల్లీ, నాకు ఈ వేళ్లతో పనుంది. ఏదీ, ఇప్పుడు ఒంటికాలి మీద గెంతు."

పిడుగు ముందు తండ్రి మొహంలోకి చూసింది. మేస్త్రీ గోడ మీద ఎముకల బొమ్మ వైపు చూపు తిప్పుకున్నాడు. పిల్ల ఒక కాలి మీద గెంతింది, రెండో కాలి మీద గెంతింది. పిల్లి దిగినట్టు దిగింది, నేల మీద చప్పుడే లేదు.

"బాగుంది, చాలా బాగుంది" అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఏం పెడుతున్నారండీ?"

ఆ ప్రశ్నతో మేస్త్రీ వచ్చిన పని మరిచిపోయాడు. పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూరలు, నువ్వులు, బాదం, చేపలు అంటూ ఏకరువు పెట్టాడు. చేపలు ముల్లుతో సహా తింటుందని కూడా చెప్పాడు.

"చక్కగా పెడుతున్నారు. పాలు కాస్త తగ్గించినా ఏం కాదు, పిల్లకి మిగతా తిండి తినడానికి కడుపులో చోటుండాలి." ఆవిడ పిడుగు వైపు తిరిగింది. "మరి ఏం ఆడతావు నువ్వు?"

"ఏమీ ఆడను. కూర్చుంటాను" అంది పిడుగు.

డాక్టరమ్మకే చెప్పింది గాని, చూపు మాత్రం తండ్రి మీదే ఉంది. సరిగ్గానే చెప్పానా నాన్నా అన్నట్టు చూసింది. ఆ చూపు మేస్త్రీకి సూటిగా వచ్చి తగిలింది. ఇంటి నుంచి సిద్ధం చేసుకొచ్చిన ఫిర్యాదు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు, ఏడాదిగా ఎవరినీ అడగని మాట బయటికొచ్చింది.

"డాక్టరుగారూ, ఆ గీత ఎంతవరకు వచ్చింది?"

"ఏ గీత?"

మేస్త్రీ తన మణికట్టు పైన వేలితో గీసి చూపించాడు. ఆవిడకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. బీరువాలోంచి కవరు తీసి రెండు ఫిల్ములు పక్కపక్కన లైటు ముందు పెట్టింది. ఒకటి విరిగిన రోజుది. రెండోది కొన్ని నెల్ల కిందట భార్య తీసుకొచ్చినప్పుడు తీసినది. అది అతను చూడలేదు, చూడాలనీ అనుకోలేదు.

ఇప్పుడు చూశాడు. దుకాణంలో అద్దాన్ని చూసినట్టే, ఎదురుగా ఒకసారి, ఓరగా ఒకసారి, మెడ వంచి కిందనుంచి ఒకసారి చూశాడు. ఓరగా చూస్తే దొరకని గీత ఉండదు. దొరకలేదు.

"ఇది మా అమ్మాయిదేనా?"

"మీ అమ్మాయిదే. ఎముక అద్దం కాదండీ" అంది డాక్టరమ్మ, అతనేం పని చేస్తాడో తెలియకుండానే. "అది బతికున్న వస్తువు. పాతది తీసేసుకుంటూ కొత్తది కట్టుకుంటూనే ఉంటుంది. ఈ వయసులో అయితే మరీ వేగంగా కడుతుంది. మీరు పెట్టే తిండి ఇల్లు కట్టే సామాను లాంటిది. ఎండ తగిలితే ఆ సామాను లోపలికి చేరుతుంది. కానీ సామాను వాకిట్లో దింపేస్తే ఇల్లు లేస్తుందా? పనివాళ్లు రావాలి. పరుగులూ గంతులే ఆ పనివాళ్లని పిలుస్తాయి. కాలు నేలకి తగిలిన ప్రతిసారీ ఎముకకి కబురు వెళ్తుంది, ఇక్కడ గట్టిగా కట్టాలని. కూర్చోబెడితే కబురే వెళ్లదు." ఆవిడ పిడుగు పిక్కలు ఒకసారి పట్టి చూసి కళ్లు చిట్లించింది. "అందుకే అడుగుతున్నాను. కూర్చునే పిల్ల కాళ్లు ఇలా ఉండవే."

పిడుగు తల దించుకుంది.

"కూర్చోదు డాక్టరుగారూ" అన్నాడు మేస్త్రీ. "రోజూ మేడ మీద తాడాట ఆడుతుంది. వాళ్లమ్మమ్మ తిప్పుతుంది."

పిడుగు తల చివాల్న పైకి లేచింది.

"అదీ సంగతి" అంది డాక్టరమ్మ. "ఇక ఆపకండి."

"పడితేనో?"

"పడొచ్చు. పడితే తీసుకురండి. నేనిక్కడ కూర్చున్నది అందుకేగా."

బస్‌స్టాపులో తండ్రీ కూతుళ్లు బెంచీ మీద కూర్చున్నారు. బస్సు జాడ లేదు. పిడుగు కాళ్లు ఊపుతూ, "నీకెలా తెలిసింది?" అంది.

"చూశాను."

"ఎప్పుడు?"

"నిన్న. తలుపు వెనకాల నిలబడి."

"మరి అరవలేదేం?"

"గాల్లో ఉన్నవాళ్లని పిలవకూడదు" అన్నాడు మేస్త్రీ. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాడు. "నీకు భయం వెయ్యలేదా తల్లీ? ఒకసారి విరిగిందిగా. మళ్లీ పడతానని భయం లేదా?"

"పడితే లేస్తాను కదా" అంది పిడుగు, ఇదేం ప్రశ్న అన్నట్టు. తర్వాత కాళ్లు ఊపడం ఆపి, "నువ్వు చూస్తావేమోనని భయం వేసేది" అంది.

"కొడతాననా?"

"నువ్వెప్పుడు కొట్టావు? అది కాదు. నేను గెంతితే నీ మొహం అదోలా అయిపోతుంది. అది చూస్తే నాకేదో అయిపోయిందేమోననిపిస్తుంది. అప్పుడు కాళ్లు వణుకుతాయి."

"ఎలా అయిపోతుంది?"

పిడుగు చూపించింది. కళ్లు ఇంతలేసి చేసి, పెదాలు బిగించి, ఊపిరి పట్టి, రెండు చేతులూ ముందుకి చాపింది. అచ్చు గుద్దినట్టు అతనే. పక్కనున్న ముసలాయన కూడా నవ్వేశాడు. మేస్త్రీకి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. ఏడాదిగా ఆ పిల్ల చుట్టూ ఎన్నో మెత్తలు చుట్టాడు. తగలకూడని చోట తగిలింది మాత్రం తన మొహమే. కూతురి ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుని, బస్సు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి రాగానే అత్తగారు గుమ్మంలోనే వాళ్ల మొహాలు చదివేసింది. "బయటపడిపోయిందన్నమాట. సరే, నన్నేం చేస్తారో చెయ్యండి. తాడు నేనే కొన్నాను, ముడీ నేనే వేశాను."

"ఏం చెయ్యను అత్తయ్యా. పైకి రండి, నేనూ ఒకసారి చూడాలి."

ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, అందరికన్నా ముందు మెట్లెక్కింది.

మేడ మీద ఎండ వాలుతోంది. బక్కెట్లోంచి తాడు తీశారు, ఒక కొస ట్యాంకు కాలుకి కట్టారు, రెండో కొస అత్తగారు పట్టుకుంది. మేస్త్రీ ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తాడు లేచింది. పిడుగు గెంతింది, తాడు కాలికి తగిలి ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఆగింది. నిన్న గాల్లో తేలిన పిల్ల ఇవాళ రెండు గంతులు కూడా సరిగా వెయ్యలేకపోతోంది. గెంతే ముందు ప్రతిసారీ తండ్రి మొహంలోకి చూస్తోంది. మేస్త్రీ మొహాన్ని మామూలుగా పెట్టడానికి నానా తంటాలూ పడ్డాడు. మామూలుగా పెట్టబోయినకొద్దీ అది ఇంకా ఘోరంగా తయారైంది.

"అల్లుడుగారూ, ఆ మొహాన్ని కాసేపు వీధి వైపు పెట్టండి" అంది అత్తగారు.

ఇంకొకప్పుడైతే కోపం వచ్చేదే. ఇప్పుడు మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగి, పిట్టగోడ మీద చేతులు పెట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. కింద ఎవరో సైకిలు కడుగుతున్నారు. వెనకాల తాడు నేలని కొట్టింది. పాదాలు నేలని తాకాయి. ముందు తడబడుతూ, తర్వాత కుదురుగా, ఆ తర్వాత నిన్న విన్న వరసలో. పెట్టెకి చెవి ఆనించి చప్పుడు రాకూడదని వినే మనిషి, ఇప్పుడు చప్పుడు ఆగకూడదని వింటున్నాడు.

ఆగింది. తాడు మెలికపడ్డ చప్పుడు, దాని వెంటనే గచ్చు మీద ఒళ్లు పడ్డ చప్పుడు.

మేస్త్రీ ఒళ్లంతా వెనక్కి తిరగబోయింది. చేతులు పిట్టగోడని పట్టుకున్నాయి. తిరిగితే ఏ మొహంతో తిరుగుతాడో అతనికి తెలుసు. అది పిల్ల చూస్తుంది. వీధిలో సైకిలాయన ఇంకా కడుగుతూనే ఉన్నాడు. ఏడుస్తుందా, పిలుస్తుందా అని చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఇంత కష్టమైన పని దుకాణంలో ఏనాడూ చెయ్యలేదు.

ఏడుపు వినపడలేదు. చేతులకంటిన దుమ్ము దులుపుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "తిప్పు అమ్మమ్మా" అన్న మాట. తాడు లేచింది. పాదాల చప్పుడు మళ్లీ మొదలైంది, ముందుకన్నా గట్టిగా. కాసేపు అలా సాగాక, గంతుకీ గంతుకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ పిడుగు పిలిచింది.

"నాన్నా, ఇటు తిరుగు. చూడు."

అతను తిరిగాడు. పిల్ల మోకాలు చెక్కుకుపోయి ఎర్రగా ఉంది. గెంతుతూనే తండ్రి మొహంలోకి ఒకసారి చూసింది. అందులో ఏం కనిపించిందో గాని, ఆగలేదు.